గెలుపూ ఓటమీ లేని ముగింపు

ఢిల్లీ నగరానికి దక్షిణాన, ఐఐటీ ప్రాంగణానికి కూతవేటు దూరంలో జియా సరాయ్ అనే ఊరు ఉన్నది. ఊరు అన్న మాటేగాని అక్కడ పొలాలు లేవు, పశువులు లేవు. పెరిగి పెరిగి వచ్చిన మహానగరం ఆ పల్లెను నాలుగు వైపులా చుట్టుముట్టింది. ఇరుకు సందులు, వాటిపై సాలెగూడులా అల్లుకున్న విద్యుత్ తీగలు, కింది అంతస్తులలో పుస్తకాల దుకాణాలు, నకళ్లు తీసే యంత్రాలు, పై అంతస్తులలో మంచమూ బల్లా పట్టేంత గదులు. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర అర్హత పరీక్షలకు, సివిల్ సర్వీసులకు చదివే యువతీయువకులు ఏళ్ల తరబడి ఈ సందులలో కాపురముంటున్నారు. హైదరాబాదులోని అశోక్‌నగర్ ఎరిగిన తెలుగువారికి ఈ వాతావరణం కొత్తగా తోచదు.

సరాయ్ అంటే సత్రం. బాటసారి రాత్రి తలదాచుకొని తెల్లవారగానే సాగిపోయే చోటు. ఇక్కడి వారిలో శాశ్వతంగా నిలిచిపోవాలని వచ్చినవారు ఎవరూ ఉండరు. అందరికీ ఒక గమ్యం ఉన్నది. దానికి ముందు వరుసగా కొన్ని అడ్డంకులు ఉన్నాయి.

నేడు ఇరవైలలో ఉన్న ఈ యువతరం బాల్యంలో ఒక జపాను కార్యక్రమాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నది. దాని పేరు ‘తకేషీస్ కాసిల్’. జపానులో 1986 నుండి 1990 వరకు ప్రసారమైన ఆ వినోదాన్ని, మన దేశంలో పోగో చానల్ జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో పునఃప్రసారం చేసింది. తకేషీ కిటానో అనే హాస్యనటుడు కోటకు అధిపతి. సామాన్య జనం గుంపులుగా వచ్చి, దొర్లే రాళ్లను తప్పించుకొని, ఊగే వంతెనలు దాటి, బురదలో పడి లేచి, కోటను ముట్టడించాలి. నూటికి తొంభైమంది మధ్యలోనే నీళ్లలో పడిపోయేవారు. చూసేవారు నవ్వేవారు. పడినవారూ నవ్వేవారు.

కాని జపానీయులు అడ్డంకుల పందెాన్ని నవ్వులాటగా మాత్రమే వదలిపెట్టలేదు. కొన్నేళ్ల తరువాత అదే దేశంలో మరొక కార్యక్రమం పుట్టింది. దానిలో పడినవాడు నవ్వడు. తలవంచుకొని ఇంటికి వెళ్లి, మరుసటి పోటీకి సాధన మొదలుపెడతాడు.

వందమంది, ఒక గోపురం

ఆ కార్యక్రమం పేరు ‘సాసుకె’. జపాను జానపద కథలలోని సరుతోబి సాసుకె అనే నింజా వీరుడి పేరు దానికి పెట్టారు. టోక్యో ప్రసార సంస్థ టీబీఎస్ దానిని 1997లో ప్రారంభించింది. రెండవ పోటీ నుండి యొకొహామాలోని మిదొరియామా స్టూడియో ఆవరణ దానికి రంగస్థలమైంది. ఆ స్టూడియో పేరుకు ‘పచ్చని కొండ’ అని అర్థం.

నియమాలు చిన్నపిల్లవానికి కూడా అర్థమవుతాయి. పోటీకి వందమంది వస్తారు. నాలుగు అంచెలు దాటాలి. మొదటి అంచెలో గెంతడం, వేలాడడం, వంపు తిరిగిన ఎత్తైన గోడ మీదికి పరుగున ఎక్కడం ఉంటాయి. అధికభాగం ఇక్కడనే నీటిపాలవుతారు. రెండవ అంచె వేగానికి పరీక్ష. మూడవ అంచెలో కాళ్లకు పని తక్కువ. బొటనవ్రేలి మందం అంచులను వ్రేళ్ల కొనలతో పట్టుకొని, శరీరాన్ని గాలిలో వ్రేలాడదీసి ముందుకు జరగాలి. ఇదంతా దాటినవానికి చివర ఒక ఉక్కు గోపురం ఎదురవుతుంది. లెక్కించిన కొన్ని సెకన్లలో దాని కొనకు ఎగబ్రాకి మీట నొక్కాలి.

ఈ పందెానికి ఒక విశేషమున్నది. ఇక్కడ ఒక మనిషి మరొక మనిషిని ఓడించడు. అందరి ప్రత్యర్థి ఒక్కటే, ఆ మార్గం. నలుగురు పూర్తిచేస్తే నలుగురూ విజేతలే. ఎవరూ పూర్తిచేయకపోతే ఆ సారికి విజేత లేడు. చాలా పోటీలు అలాగే ముగిశాయి. పైగా ఎవరైనా గెలిస్తే నిర్వాహకులు మార్గాన్ని మరింత కఠినంగా మార్చి కడతారు. గెలుపు తలుపు తెరవదు, తలుపును మరి రెండడుగులు వెనక్కు జరుపుతుంది.

1999లో నాలుగవ పోటీలో కజుహికో అకియామా అనే వ్యక్తి గోపురం కొనకు చేరి తొలి విజేత అయ్యాడు. ఆయన వృత్తి పీతలు పట్టడం. చూపు కూడా అంతంతమాత్రం. రెండవ విజేత మకోతో నగానో, చేపల పడవకు నాయకుడు. మూడవవాడు యూజి ఉరుషిహారా, పాదరక్షలు అమ్మే ఉద్యోగి. నాల్గవవాడు యూసుకె మొరిమొతో. 1997 నుండి 2020 డిసెంబరు దాకా ముప్ఫై ఎనిమిది పోటీలు జరిగితే, మార్గాన్ని సంపూర్ణంగా జయించినది ఈ నలుగురే. ఉరుషిహారా, మొరిమొతోలు చెరి రెండుసార్లు గెలిచారు. మొత్తం ఆరు విజయాలు.

ఓడినవారి తృప్తి

ఇంత అరుదుగా గెలిచే పందెం ప్రేక్షకులకు విసుగు పుట్టించవలసినది. అలా జరగలేదు. కారణం ఓడినవారిలో ఉన్నది.

నగానో కథ చూడండి. 2003లో ఆయన గోపురం కొనదాకా ఎక్కాడు. మీట నొక్కాడు. అప్పటికే గడువు లిప్తపాటు మించిపోయింది. మూడు అంచెలు దాటి, తాడంతా ఎగబ్రాకి, కనురెప్పపాటులో విజయం చేజారింది. ఇంతకంటె క్రూరమైన ఓటమి ఉండదనిపిస్తుంది. అయినా ఆయన ఫిర్యాదు చేయడానికి అక్కడ ఏమీ లేదు. తాడు అందరికీ ఒకే తాడు, గడియారం అందరికీ ఒకే గడియారం. మార్గం ఆయన్ను ఓడించింది. మార్గమే మళ్లీ పిలిచింది. మూడేళ్ల పిమ్మట, 2006 అక్టోబరులో ఆయన అదే గోపురం మీద నిలబడ్డాడు.

కత్సుమి యమదా కథకు అటువంటి ముగింపు లేదు. ఆయన మూడవ పోటీలోనే చివరి అంచె దాకా చేరాడు. ఇంకొక్క మెట్టు అనుకున్నాడు. ఆ మెట్టు ఆయనకు మరెన్నడూ అందలేదు. సాధన కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తనకు సాసుకె తప్ప మరేమీ లేదని కెమెరా ముందు చెప్పుకున్నాడు. వయసు మీరింది, చేతుల పట్టు సడలింది, మొదటి అంచెలోనే పడిపోసాగాడు. అయినా జపాను ప్రేక్షకులు విజేతలతో సమానంగా ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు. తనకంటె చిన్నవారికి ఆయన గురువై శిక్షణ ఇచ్చాడు.

యమదాది విషాదమే. కాని ఆ విషాదంలో ఒక నిండుదనమున్నది. ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చింది. “నేను చేయగలనా?” అని అడిగాడు. “లేదు” అని మార్గం చెప్పింది. ఒక్కసారి కాదు, చాలాసార్లు, సూటిగా చెప్పింది. అసలు నిరాశ ప్రశ్నకు సమాధానమే రాకపోవడంలో ఉన్నది.

లెక్కల పుస్తకం చెప్పిన తీర్పు

సుదీర్ఘకాలం నడిచిన ఇటువంటి పందెం ఎలా ముగిస్తే అందరికంటె ఎక్కువ మంది నిరాశ చెందుతారు? ఈ ప్రశ్న సాసుకెకు నిజంగానే ఎదురైంది, అదీ రెండుసార్లు.

మొదటిది 2002లో. సాసుకె అప్పుడు ‘కిన్నికు బంజుకె’ అనే పెద్ద వ్యాయామ వినోద కార్యక్రమంలో భాగం. ఆ మాతృ కార్యక్రమపు చిత్రీకరణలలో పోటీదారులు మెడ వద్ద వెన్నుకు తీవ్రంగా గాయపడ్డారు. ఆ ఏడాది అది నిలిచిపోయింది. సాసుకె మాత్రం విడివడి బ్రతికింది. మనుషుల ప్రాణానికి ముప్పు అని తెలిసి ఒక ఆటను నిలిపివేస్తే అందులో బాధ ఉంటుందేగాని అన్యాయం ఉండదు. ఆ కారణం మార్గంలోనిదే.

రెండవది 2011లో. ఆ ఏడు అక్టోబరులో ఇరవై ఏడవ పోటీ ప్రసారమైంది. ఉరుషిహారా రెండవసారి గోపురం జయించి, రెండుమార్లు గెలిచిన తొలి మనిషిగా చరిత్రకెక్కాడు. తెరమీద అంతకంటె గొప్ప ఘట్టం లేదు. ఆ ఏడాదిలోనే, ఆ కార్యక్రమాన్ని నిర్మించే మాన్‌స్టర్ నైన్ అనే సంస్థ దివాలా తీసింది.

పడినవాడు లేడు, గాయపడినవాడు లేడు, గోపురం కూలలేదు. ఎక్కడో ఒక కార్యాలయంలో జమాఖర్చుల పుస్తకం మూతపడింది. అంతవరకు ఏడాదికి సుమారు రెండు పోటీలు చూడడానికి అలవాటుపడిన జనం ఎదురుచూడసాగారు. పెరటిలో చెక్కలతో, ఇనుప గొట్టాలతో నకలు అడ్డంకులు కట్టుకొని సాధన చేసేవారు జపానులో ఎందరో ఉన్నారు. పందెం ఉంటుందో ఉండదో తెలియని కాలంలో వారికి సాధనకు అర్థమేమిటి? ఓడినవాడు “మళ్లీ వస్తాను” అని చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటే సందేహంలో పడింది.

పద్నాలుగు నెలల పైచిలుకు గడిచిన పిమ్మట, 2012 డిసెంబరు 27న, ఇరవై ఎనిమిదవ పోటీతో సాసుకె తిరిగి వచ్చింది. అది రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఒక పేరు చాలు, యూసుకె మొరిమొతో. ఆయన తొలిసారి ఈ మార్గం మీద అడుగుపెట్టినప్పుడు పదిహేనేళ్ల బాలుడు. చూస్తూ పెరిగిన పందెంలో పాల్గొని, పడుతూ లేస్తూ యువకుడై, 2015లో గెలిచాడు. 2020లో మళ్లీ గెలిచాడు. 2011తో కథ ముగిసి ఉంటే ఆ రెండు విజయాలు లేవు. అంతేకాదు, అవి లేవన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. అర్ధాంతరంగా ఆగిన పందెం చేసే నష్టమంతా ఇలాంటిదే. అది ఏ పట్టికలోనూ కనిపించదు.

గెలిచీ దక్కనిది

ముగింపు నిరాశగా మారడానికి మరొక దారి ఉన్నది. పందెం నడుస్తూనే ఉంటుంది, దాని ధర్మం మారుతుంది.

సాసుకెను అనుసరించి అమెరికాలో 2009లో ‘అమెరికన్ నింజా వారియర్’ ప్రారంభమైంది. తొలి ఆరు పోటీలలో ఒక్కరు కూడా మార్గం పూర్తిచేయలేదు. 2015 సెప్టెంబరులో, లాస్ వేగాస్‌లో జెఫ్ బ్రిటెన్ అనే టెలివిజన్ కెమెరామన్ గడువు తీరడానికి క్షణంలోపే చివరి తాడు ఎగబ్రాకి మీట నొక్కాడు. అమెరికాలో ఆ పని చేసిన ప్రప్రథముడు ఆయనే. ఆయన కిందికి దిగిన కొద్దిసేపటికి ఐజాక్ కాల్డీరో అదే తాడును సుమారు మూడున్నర సెకన్లు తక్కువ కాలంలో ఎక్కాడు.

పది లక్షల డాలర్ల బహుమానం వేగంగా ఎక్కినవానికే అన్నది నియమం. కాల్డీరోకు మొత్తం సొమ్ము దక్కింది. బ్రిటెన్‌కు ఒక్క డాలరు కూడా రాలేదు.

కాల్డీరో ఏ తప్పూ చేయలేదు. హోటలులో ఎంగిలి బల్లలు తుడిచి బ్రతికిన మనిషి, న్యాయంగా గెలిచాడు. నియమం ముందే అందరికీ తెలుసు. అయినా చూసినవారి మనసులో ఏదో కలుక్కుమన్నది. ఏడేళ్లుగా “మనిషికీ మార్గానికీ పోటీ” అని చూపిన పందెం, చిట్టచివరి క్షణంలో “మనిషికీ మనిషికీ పోటీ” అయిపోయింది. 2025లో ఆ కార్యక్రమం తుది పోటీలను ఇద్దరిద్దరు పక్కపక్కన పరుగెత్తే పందేలుగా మార్చింది. ఉత్కంఠకు లోటు లేదు, ప్రతిసారీ ఒక విజేత తప్పక దొరుకుతాడు. కాని గోపురాన్ని లక్ష్యంగా పెట్టుకొని బాల్యం నుండి సాధన చేసినవాడు వెదుకుతున్నది విజేత పదవిని కాదు. “దానిని ఎక్కగలనా?” అన్న పాత ప్రశ్న అతనిలో అలాగే ఉండిపోతుంది.

సత్రంలో అదే ప్రశ్న

మిదొరియామా గోపురం నుండి జియా సరాయ్ మేడగదికి దూరం చాలా ఉన్నది. అయినా ఆ గదిలో చదువుకునేవారికి పై కథలు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వారిలో సివిల్ సర్వీసుల అభ్యర్థులు ప్రతియేటా ఎక్కే మార్గానికి కూడా అంచెలున్నాయి. కొఠారీ సంఘం సిఫారసుపై 1979లో ఏర్పడిన పద్ధతి ప్రకారం మొదట ప్రాథమిక పరీక్ష, ఆపైన ప్రధాన పరీక్ష, చివరకు ముఖాముఖి. ఎక్కడ పడినా మళ్లీ మొదటి మెట్టు నుండే ఎక్కాలి. ప్రయత్నాలకు లెక్క ఉన్నది. జనరల్ వర్గం వారికి ముప్ఫై రెండేళ్ల వయసు దాటరాదు, ఆరు ప్రయత్నాలు మించరాదు. ఇతర వర్గాలకు సడలింపులున్నాయి.

2020 పరీక్షకు పది లక్షల పైచిలుకు దరఖాస్తు చేశారు. ప్రాథమిక పరీక్షకు కూర్చున్నవారు సుమారు 4,83,000 మంది. చివరకు ఎంపికైనవారు 761 మంది. ఈ అంకెలు చూసి ఎవరూ నివ్వెరపోనక్కరలేదు. మార్గం కఠినమని తెలిసే వారు వచ్చారు. ఆ ఏటి నిరాశ వేరొక చోట ఉన్నది.

మే 31న జరగవలసిన ప్రాథమిక పరీక్ష కోవిడ్ మహమ్మారి వలన అక్టోబరు 4కు వాయిదా పడింది. గ్రంథాలయాలు, శిక్షణా తరగతులు మూతపడ్డాయి. ఎందరో గదులు ఖాళీచేసి స్వగ్రామాలకు వెళ్లిపోయారు. కొందరు ఇంట్లో రోగులకు సేవ చేశారు. కొందరు ఆసుపత్రులలో కొలువు చేస్తూనే చదివారు. వీరిలో అనేకులకు అదే చివరి ప్రయత్నం. మరొక అవకాశం ఇప్పించమని వారు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వయసు మీరని వారికి మాత్రం ఒక్కసారికి అవకాశమిస్తామని ప్రభుత్వం ఒక దశలో అంగీకరించింది. 2011లో పరీక్ష స్వరూపం మారినందుకు ఆనాటి అభ్యర్థులకు 2015లో అదనపు ప్రయత్నం దక్కిన ఉదాహరణ కూడా కోర్టు ముందుకు వచ్చింది. 2021 ఫిబ్రవరి 24న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అర్జీని కొట్టివేసింది. పరీక్షా విధానం ప్రభుత్వ నిర్ణయానికి లోబడినదనీ, కష్టం అభ్యర్థులందరికీ వాటిల్లినదేననీ తీర్పు సారాంశం.

తీర్పుకు బలమైన తర్కమున్నది. ఒకరికి సడలిస్తే మరొకరికి అన్యాయం జరగవచ్చు. ఏదో ఒకచోట గీత గీయక తప్పదు. అయినా, ఆ గీతకు అవతల పడినవారి స్థితి ఆలోచించండి. ప్రశ్నపత్రం ముందు ఓడి ఉంటే “నా శక్తి ఇంతే” అని సమాధానపడేవారు. తాము శక్తికొద్దీ రాసిన పరీక్షలో ఓడామా, శక్తిని కూడగట్టుకోనివ్వని ఏడాదిలో ఓడామా అన్నది వారు ఇక ఎన్నటికీ తేల్చుకోలేరు. యమదాకు దొరికిన సమాధానం వారికి దొరకలేదు.

మార్గం చేయవలసిన న్యాయం

కఠినమైన పందెం పెట్టేవానికి గెలిపించే బాధ్యత లేదు. వందమంది వస్తే వందమందీ పడిపోవచ్చు. అందులో అవమానం లేదు, మోసం లేదు. కాని అతనికి ఒక బాధ్యత ఉన్నది. పడినవాడు తన కాలు జారి పడ్డానని నమ్మగలగాలి, కింది నేలను ఎవరో లాగివేశారని కాదు. ముగించక తప్పనినాడు ముందుగా చెప్పాలి. “ఇదే చివరిసారి” అని తెలిసి ఎక్కినవాడు ఎక్కలేకపోయినా చేతులు దులుపుకొని ఇంటికి పోగలడు. చెప్పకుండా ఆగిపోయిన పందెంలో మనిషి ఏళ్ల తరబడి ఆ చివరి తాడుకే వ్రేలాడుతుంటాడు.

సాసుకె అదృష్టవశాత్తు ఆ గతి తప్పించుకున్నది. అంతేకాదు, ఆధునిక పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీకి బదులుగా అడ్డంకుల పందెాన్ని ప్రవేశపెట్టాలని ఆ క్రీడాసంఘం 2022లో తీర్మానించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నుండి అది అమలుకు వస్తుంది. ఒకప్పుడు దివాలా అంచుకు చేరిన ఆట ఇప్పుడు ఒలింపిక్ పతకాల దాకా నడిచి వచ్చింది.

జియా సరాయ్‌లో ప్రతి ఏడాదీ కొన్ని గదులు ఖాళీ అవుతాయి. కొందరు గెలిచి వెళతారు. ఎక్కువమంది గెలవకనే వెళతారు. వెళ్లేముందు తమ పుస్తకాలను కింది దుకాణంలో సగం ధరకో, పావు ధరకో అమ్మివేస్తారు. వారం తిరగకముందే రైలు దిగి వచ్చిన మరొకరు ఆ పుస్తకం కొంటారు. తెరిచి చూస్తే పుటపుటనా ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు, అంచులలో చిన్న అక్షరాలతో వేసుకున్న గుర్తులు. ఆ చేయి ఎవరిదో, గోపురం ఎక్కిందో లేదో కొన్నవారికి తెలియదు. గీతలు మాత్రం పనికి వస్తాయి. చదువు అక్కడినుండి మొదలవుతుంది.